బాడ్, బిట్టు, బైటు: వార్తావేగపు కొలతల కథ

నూరు మెగాబిట్ల తీగ యని చెప్పి ఒక ఇంట అంతర్జాలమును అమర్చిపోయిరి. పిల్లవాడు చలనచిత్రమొకటి దించుకొనుచుండగా తెరమీది అంకె సెకనునకు 11.3 మెగాబైట్లను దాటి పైకి పోలేదు. నెలనెలా నూటికి రుసుము చెల్లించుచు పదునొకండే పొందుచున్నానని ఇంటి యజమాని నొచ్చుకొనెను. ఇట్టి సందేహము ఇప్పుడు పెక్కు ఇండ్లలో వినవచ్చుచున్నది. ఎనిమిది బిట్లు చేరిన ఒక బైటగునని బడిపిల్లలు సయితము చెప్పగలరు. కావున నూటిని ఎనిమిదింట భాగింపగా పండ్రెండున్నర రావలెను. అయినను వచ్చినది పదునొకండు చిల్లరయే. ఆ మిగిలిన చిల్లర ఎక్కడ పోయినదో చెప్పవలెనన్నచో నూటయేబది యేండ్లు వెనుకకు పోయి, తంతి కార్యాలయమునుండి కథ నెత్తుకొనవలసియున్నది.

మన పల్లెలలో ధాన్యము కొలచుటకు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను కొలతలుండెడివి. కుంచమునకు నాలుగు మానికలు, ఎనిమిది తవ్వలు. లెక్క చక్కనిదే. కాని ఈ ఊరి కుంచము ఆ ఊరి కుంచముతో సరిపోయెడిది కాదు. పైగా కొలచునపుడు తాలు ఎంత, మట్టి ఎంత యను తగవొకటి. గణక యంత్రముల వేగపు కొలతల చరిత్రలో ఈ రెండు చిక్కులును అచ్చముగా కనబడును. కుంచము మారుట ఒకటి, గింజతో పాటు తాలును కొలచుట మరియొకటి.

తంతి వార్త పంపువానికి మొదట తెలిసిన కొలత మాట. టెలిగ్రాము ఇచ్చువాడు మాటకింతయని రుసుము చెల్లించెను. పంపు ఉద్యోగి నిమిషమునకు ఇన్ని మాటలని తన నేర్పును చెప్పుకొనెను. 2013 జూలైలో మన దేశమున టెలిగ్రాము సేవ నిలిచిపోవువరకు జనులు ఒక్కొక్క మాటను తూచి వ్రాసిరి. కాని మాటలన్నియు ఒక్క పొడవు గలవి కావు గదా! అందుచే మోర్సు సంకేతములు పంపువారు 'పారిస్' అను పదమును ప్రమాణపదముగా నుంచుకొనిరి. చుక్క పట్టు కాలము ఒక పాలు, గీత మూడు పాళ్లు. నడిమి యెడములనుకూడ కలిపి లెక్కించినచో, తరువాతి మాటకు ముందరి విరామముతో సహా ఆ పదము సరిగా ఏబది పాళ్లు పట్టును. నిమిషమునకు 20 మాటలు పంపు ఉద్యోగి తీగపై నిమిషమునకు 1000 పాళ్లు, అనగా సెకనునకు 16.7 పాళ్లు నడిపించుచున్నాడన్నమాట. ఆ ఏబది పాళ్లలో చాల భాగము కేవలము మౌనమని గమనింపవలెను. తీగ ఊరకున్నను కాలము గడచుచునే యుండును. అదికూడ వార్తలోని భాగమే.

ఫ్రాన్సు దేశపు తంతిశాఖలో 1869లో చేరిన ఎమీల్ బోదో అను ఉద్యోగి ఈ మోర్సు పద్ధతిలోని అసమానతను చూచి వేరొక దారి త్రొక్కెను. ఒక అక్షరమునకు చిన్న సంకేతము, వేరొకదానికి పెద్ద సంకేతము ఉండుట మనుష్యునకు అనుకూలమేగాని యంత్రమునకు కాదు. 1874లో అతడు హక్కుపత్రము పొందిన పద్ధతిలో ప్రతి అక్షరమునకును సరిగా అయిదు పాళ్లు. ఒక్కొక్క పాలు ఉన్నది, లేనిది అను రెండు విధములుగా నుండుటచే ముప్పదిరెండు కూర్పులు ఏర్పడును. అంకెలకు చోటు చాలనందున, ఒక మీట నొక్కి అవే కూర్పులను రెండవ అర్థమున వాడుకొనిరి. పంపువాని ముందు అయిదే మీటలు: ఎడమచేతికి రెండు, కుడిచేతికి మూడు. యంత్రము నిమిషమునకు 180 మారులు తిరుగుచు, వంతు వచ్చినపుడెల్ల టక్కుమని చప్పుడు చేయును. ఆ తాళమునకు తప్పక మీటలు నొక్కవలెను. మాటకు అయిదక్షరములును ఒక ఖాళీయును లెక్కించినచో అది నిమిషమునకు 30 మాటలు. నలుగురు ఉద్యోగులు వంతులవారీగా ఒకే తీగను వాడుకొనగలుగుట ఈ యేర్పాటులోని ఘనత. అప్పుడు తీగపై సెకనునకు 60 పాళ్లు నడచును. ఇవిగాక, ఈ కొనయందలి యంత్రమును ఆ కొనయందలి యంత్రమును ఒకే తాళమున నుంచుటకు మరికొన్ని పాళ్లు కేటాయింపవలసివచ్చెను. వార్తకు చెందక, వార్తను చేర్చుటకు మాత్రమే అక్కరకు వచ్చెడి యీ పాళ్లను మనము దారిబత్తెమందము. ఇకమీద ఈ కథయంతయు ఆ దారిబత్తెముతోడిదే.

ఇరువదవ శతాబ్దమున టెలిప్రింటరు వచ్చెను. తాళముతో పనిలేక, టైపు మెషీను వలె ఎప్పుడు మీట నొక్కిన అప్పుడే అక్షరము పోవును. అట్లగుటకు ప్రతి అక్షరమునకు ముందు 'ఇదిగో వచ్చుచున్నాను' అని తెలుపు ప్రారంభపు పాలొకటి, వెనుక యంత్రమునకు ఊపిరి తీసికొనుటకై విరామపు పాలొకటి చేర్చిరి. అమెరికాలో ప్రసిద్ధమైన పద్ధతిలో ఒక్కొక్క పాలు ఒక సెకనులో వేయింట 22 వంతులు. విరామము 31 వంతులు. ఆరు పాళ్లకు 132, విరామమునకు 31, మొత్తము 163. ఈ లెక్కను సెకనునకు 6.13 అక్షరములు, నిమిషమునకు 61 మాటలకు కొంచెము పైన. దానినే '60 మాటల యంత్రము' అని పిలిచిరి. ఐరోపాలో పాలు 20 వంతులు, విరామము 30 వంతులు, అక్షరమునకు 150, నిమిషమునకు సరిగా 400 అక్షరములు. లెక్క తేలికగా వచ్చుటచేత నాకు ఐరోపా పద్ధతియే హెచ్చు ప్రియము. ఆ 150లో అక్షరమునకు చెందినవి 100 మాత్రమే. మూడింట నొకవంతు దారిబత్తెమునకే పోయెను.

సెకనునకు ఎన్ని పాళ్లు నడచునో ఆ సంఖ్యకు బోదో పేరనే ఒక ప్రమాణమును నిర్ణయించిరి. ఆంగ్లేయుల నోట అది బాడ్ అయినది. పైన చెప్పిన అమెరికా యంత్రము 45.45 బాడ్, ఐరోపా యంత్రము 50 బాడ్. బాడ్ అనునది తీగపై సంకేతము సెకనునకు ఎన్నిమార్లు మారగలదో చెప్పునేగాని, ఎంత సమాచారము పోయినదో చెప్పదు. సమాచారమును కొలచు బిట్టు అను మాట 1948లో క్లాడ్ షానన్ వ్రాసిన వ్యాసముతో లోకమునకు తెలిసెను. ఆ మాటను సూచించినది జాన్ ట్యూకీ యని షానన్ చెప్పియున్నాడు. టెలిప్రింటరునందు సంకేతము ఒకమారు మారినచో ఒక బిట్టే పోవుటచేత బాడ్ అనినను, సెకనునకు ఇన్ని బిట్లనినను ఒక్కటే యయ్యెను. వేరువేరు వస్తువులు రెండు ఒకే యంకెను చూపుచుండగా వానిని వేరుచేసి చెప్పు ఓపిక ఎవరికుండును? తగవునకు విత్తనము పడినది ఇచటనే.

గణక యంత్రములకు మొదటినుండియు ఈ తంతి పరికరములే నోరును చెవియు నయ్యెను. 1963లో వెలువడిన టెలిటైపు 33 అను యంత్రము ఎన్నో ప్రయోగశాలలలో కంప్యూటరునకు తగిలింపబడెను. దాని వేగము 110 బాడ్. అక్షరమునకు ఎనిమిది పాళ్లు, ప్రారంభమునకు ఒకటి, విరామమునకు రెండు, వెరసి పదునొకండు. కావున సెకనునకు పది అక్షరములు. దాని ప్రక్కననే కాగితపు పట్టీకి రంధ్రములు వేయు అమరిక యుండెను. అంగుళమునకు పది అక్షరములు పట్టుటచేత పట్టీ సెకనునకు ఒక అంగుళము చొప్పున కదలెను. 1975లో ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరును కొనిన ఔత్సాహికులు 4096 బైట్ల బేసిక్ భాషను ఇట్టి పట్టీ నుండి ఎక్కించుకొనుటకు దాదాపు ఏడు నిమిషములు కూర్చుండవలసివచ్చెను. పట్టీ పొడవు ముప్పదినాలుగు అడుగులకు పైన. మధ్య నెక్కడైన చినిగినచో మరల మొదటికే!

టెలిఫోను తీగపై బిట్లను ధ్వనులుగా మార్చి పంపు మోడెములు తరువాతి యధ్యాయము. 1962లో అమెరికాలో వచ్చిన బెల్ 103 అను మోడెము 300 బాడ్, సెకనునకు 300 బిట్లు. ఇంకను రెండంకెలును ఒక్కటే. ఇంతకంటె చాల త్వరగా ధ్వనిని మార్చుటకు టెలిఫోను తీగ ఒప్పుకొనదు. అందుచే ఇంజనీరులు మార్పుల సంఖ్యను ఎక్కువగా పెంచక, ఒక్కొక్క మార్పులో ఇమిడెడి బిట్ల సంఖ్యను పెంచిరి. బెల్ 212ఎ మోడెము సెకనునకు 600 మార్లే మారును. ఒక్కొక్క మార్పునకు రెండు బిట్లు. మొత్తము 1200 బిట్లు. 1984 నాటి అంతర్జాతీయ ప్రమాణమున అవే 600 మార్పులు, మార్పునకు నాలుగు బిట్లు, మొత్తము 2400. అంగళ్లలో దీనిని '2400 బాడ్ మోడెము' అనియే అమ్మిరి. నిజమునకు అది 600 బాడ్. పేరు తప్పైనను కొనువానికి నష్టము లేదు, వస్తువు మంచిదే. నష్టము వచ్చునది వేరొక చోట. మూడు నిమిషముల లెక్కన రుసుము కట్టు ట్రంకు కాలుపై 54,000 అక్షరముల నివేదిక యొకటి పంపవలెననుకొందము. బైటునకు ఎనిమిది బిట్లు గదా యని 2400ను ఎనిమిదింట భాగించినవాడు సెకనునకు 300 అక్షరములని, సరిగా మూడు నిమిషములు చాలునని తలచును. కాని మోడెములు టెలిప్రింటరు వంశమునకు చెందినవి. ప్రతి అక్షరమునకును ముందొక బిట్టు, వెనుకనొక బిట్టు చేరి పది యగును. సెకనునకు 240 అక్షరములే పోవును. పట్టునది 225 సెకనులు. రెండవ మూడు నిమిషముల రుసుముకూడ చెల్లింపక తప్పదు. ఎనిమిదింట గాక పదింట భాగింపుమని ఆనాటి అనుభవజ్ఞులు చెప్పుటలోని రహస్యమిదియే.

రేడియోకును ఈ కథలో చోటు కలదు. కాగితపు పట్టీ యంత్రము ఖరీదైనది. పాటల క్యాసెట్టు చవుక. 1975 నవంబరులో అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున ఔత్సాహికులును తయారీదారులును కూడి క్యాసెట్టుపై బిట్లను వ్రాయు పద్ధతి నొకదానిని నిర్ణయించిరి. ఒకటి యను బిట్టునకు 2400 ఆవృత్తుల ధ్వని ఎనిమిది తరంగములు, సున్నకు 1200 ఆవృత్తుల ధ్వని నాలుగు తరంగములు. వేగము 300 బాడ్. అక్షరమునకు పదునొకండు బిట్లు. సెకనునకు 27 అక్షరములు. ఆల్టెయిర్ బేసిక్ అంతటి 4096 బైట్లు ఇందు రెండున్నర నిమిషములలో ముగియును. ధ్వనిగా మారినదానిని క్యాసెట్టుపైననే ఎందుకుంచవలెను, ఆకాశమున నేల పంపరాదు అని హాలెండు దేశపు రేడియోవారికి తోచెను. 1980వ దశకారంభమున అచటి ఎన్.ఓ.ఎస్. సంస్థ 'హాబీస్కూప్' అను కార్యక్రమమున 1200 బాడ్ వేగముతో కంప్యూటరు ప్రోగ్రాములనే ప్రసారము చేసెను. శ్రోతలు రేడియోకు టేపు రికార్డరు తగిలించి పట్టుకొని, తరువాత తమ యంత్రములకు వినిపించిరి. వేర్వేరు కంపెనీల కంప్యూటరులకు ఒకే రచన పనికివచ్చునట్లు బేసికోడ్ అను ఉమ్మడి రూపమును కల్పించిరి. అందును అక్షరమునకు పదునొకండు బిట్లే. సెకనునకు 109 అక్షరములు. వినువారికది కీచుమను రొద. పిల్లిగొంతు కచ్చేరి యని ఇంటివారు రేడియో కట్టివేయకుండ కాచుకొనవలసివచ్చెనేమో!

ఇక పెద్ద యంత్రముల సంగతి. 1951లో అమెరికా జనగణన శాఖకు చేరిన యూనివాక్ కంప్యూటరు లోహపు పట్టీపై అయస్కాంత ముద్రలు వేసెను. అంగుళమునకు 128 అక్షరములు, పట్టీ పరుగు సెకనునకు 100 అంగుళములు. గుణించిన 12,800. కాని ఆచరణలో దొరకినది 7,200 మాత్రమే. పట్టీ ఒకచోట ఆగి మరల పరుగందుకొనుటకు వీలుగా వ్రాతల గుంపుల నడుమ ఖాళీలు విడువవలెను. ఆ ఖాళీలు తినివేసినది తక్కినది. ఇది తాలు లెక్క. కుంచపు లెక్క ఐ.బి.ఎం. పట్టీలలో చూడవచ్చును. ఆ సంస్థవారి 729 తరగతి యంత్రములలో నొకటి సెకనునకు 75 అంగుళముల వేగమున, అంగుళమునకు 556 అక్షరముల చొప్పున చదివెను. అనగా 41,700 అక్షరములు. ఆ అక్షరము ఆరు బిట్లది! నేటి ఎనిమిది బిట్ల బైట్లుగా మార్చినచో 31,275 మాత్రమే యగును. 1964 ఏప్రిల్ 7న ప్రకటితమైన సిస్టమ్ 360తో ఎనిమిది బిట్ల బైటు స్థిరపడెను. తొలి పట్టీ యంత్రమొకటి 37.5 అంగుళముల వేగమున అంగుళమునకు 800 బైట్లు చదివి 30,000 బైట్ల లెక్కను చూపెను. పాతదానిలో 41,700, క్రొత్తదానిలో 30,000 అని అంకెలు మాత్రము చూచినవాడు క్రొత్తది చాల మందమని భ్రమించును. బిట్లలో లెక్కించినచో అవి ఇంచుమించు సరిసమానములు.

బైటు అను మాటను 1956లో వెర్నర్ బుఖోల్జ్ కల్పించినపుడు అది ఎనిమిదికి కట్టుబడియుండలేదు. ఆంగ్లమున 'కాటు' అను అర్థమిచ్చు పదమునే, బిట్టుతో పొరబడకుండుటకై వర్ణక్రమము మార్చి వ్రాసిరట. అంత జాగ్రత్త పడినను, పొట్టిగా వ్రాయునపుడు పెద్ద 'బి' బైటు, చిన్న 'బి' బిట్టు అను ఏర్పాటు వచ్చి పొరపాటు మరల ఇంట ప్రవేశించినది. మాట యను కొలతయు అంతే. 1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1969లో వెలువరించిన టి.డి.సి.-12 కంప్యూటరున మాటకు పండ్రెండు బిట్లు, తరువాతి టి.డి.సి.-316లో పదునారు. సెకనునకు వేయి మాటలనినచో మొదటిదానిలో 1500 బైట్లు, రెండవదానిలో 2000. ఒకే ఊరి యంత్రములైనను కుంచములు వేరు.

పళ్లెముల వంటి డిస్కులు వచ్చినపుడు తాలు మరింత పెరిగెను. 1980లో వచ్చిన ఎస్.టి.-506 అను చిన్న డిస్కు తీగపై సెకనునకు 50 లక్షల బిట్లు నడచును. ఎనిమిదింట భాగింపగా 6,25,000 బైట్లు. ఆ తరగతి డిస్కులపై ఐ.బి.ఎం. పీసీలవారు ఒక్కొక్క చుట్టులో 512 బైట్ల ఖండములు పదునేడు వ్రాసిరి. డిస్కు సెకనునకు అరువది మార్లు తిరుగును. 17ను 512తోను 60తోను గుణించినచో 5,22,240. తక్కినది ఖండముల పేరులకును, నడిమి ఖాళీలకును పోయెను. అంతటితో ఆగలేదు. ఆనాటి పీసీ-ఎక్స్‌టి ఒక ఖండమును మింగి జీర్ణించుకొనులోపల తరువాతి ఖండములు దాటిపోయెడివి. అందుచే వరుసగా వ్రాయక, ఆరింటికొకటి చొప్పున దూరము దూరముగా అమర్చిరి. ఒక చుట్టు చదువుటకు ఆరు తిరుగుళ్లు. చేతికి వచ్చినది సెకనునకు 87,040 బైట్లు. చెప్పిన అంకెలో ఏడవ వంతు! ఇందు మోసగించినవాడెవడును లేడు. తీగ వేగము తీగ వేగమే, చేతికందినది చేతికందినదే.

సీడీల మీద ఇన్ని రెట్లని అచ్చువేయుటయు అట్టిదే. సీడీకి ఒక రెట్టనగా సెకనునకు 2048 బైట్ల ఖండములు 75, అనగా 1,53,600 బైట్లు. డీవీడీకి ఒక రెట్టు దానికి తొమ్మిదింతలు. ఎనిమిది రెట్ల సీడీ యంత్రమును ఎనిమిది రెట్ల డీవీడీ యంత్రమును ఒక్కటే యనుకొని కొనినవారు కలరు.

తుదిచిక్కు వేయికి సంబంధించినది. తీగవారికి కిలో యనగా వేయి. జ్ఞాపకశక్తిని రెండింతలు రెండింతలుగా కట్టుకొనుచుపోవు కంప్యూటరువారికి పదిమార్లు రెట్టించిన 1024 వచ్చును. దగ్గరగా నున్నదని వారు దానినే కిలో యనిరి. ఈ రెండును కలిసిపోయిన వింతవస్తువు మన యిండ్లలో చాలకాలముండిన 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. అందు పట్టునది 14,74,560 బైట్లు. అది పది లక్షల మెగాతోను సరిపోదు, 10,48,576 మెగాతోను సరిపోదు. 1440ని 1024తో గుణించినది. అనగా ఒక కిలో తీగవారిది, రెండవ కిలో కంప్యూటరువారిది! 1998 డిసెంబరులో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1024 లెక్కకు కిబి, మెబి అను వేరు పేర్లు పెట్టెను. పండితులు వానిని మెచ్చిరి. అయినను పెక్కు తెరలమీద పాత పేరే కనబడుచున్నది.

ఇపుడు మన గృహస్థుని లెక్కకు వత్తము. నూరు మెగాబిట్లనగా తీగవారి లెక్కను పదికోట్ల బిట్లు. ఎనిమిదింట భాగింపగా 1,25,00,000 బైట్లు. ఇంటిలోని ఈథర్నెట్టు తీగపై సమాచారము మూటలుగా కట్టబడి పోవును. నిండు మూట యొకటి తీగపై 1538 బైట్ల కాలము పట్టును. అందు చిరునామాలకును వరుస సంఖ్యలకును నలువది, తీగమీది కవరునకును తప్పొప్పుల పరీక్షకును పదునెనిమిది, రాకను తెలుపు ప్రారంభ సంకేతమునకు ఎనిమిది, మూటకు మూటకు నడుమ మౌనమునకు పండ్రెండు. టెలిప్రింటరు ప్రారంభపు పాలును విరామపు పాలును ఇచట వేషము మార్చుకొని కూర్చున్నవి. చలనచిత్రమునకు మిగిలినది 1460. ఆ నిష్పత్తిని 1,18,66,000 చిల్లర బైట్లు చేతికి వచ్చును. తెర దీనిని 10,48,576తో భాగించి, మెగాబైట్లని పేరుపెట్టి చూపును. వచ్చునది 11.3. యజమాని నష్టపోయినదేమియు లేదు. ఆ అంకె తొమ్మిది దగ్గరనే నిలిచిపోయినచో మాత్రము, ఈ లెక్కను కాగితముపై వేసి చూపి, తీగ వేసినవారిని నిలదీయవచ్చును.